పుట్టింటి ప్రయాణానికి నాలుగు కాగితాలు

ఏప్రిల్ చివర్లో బడులు మూస్తారు. జూన్ రెండో వారంలో మళ్ళీ తెరుస్తారు. మధ్యలో ఆరేడు వారాలు పిల్లలకు సెలవులే సెలవులు.

"అమ్మా! అమ్మమ్మ వాళ్ళ ఊరు ఎప్పుడు పోదాం?"

పరీక్షలు అయిన రోజు నుంచే ఈ గొడవ మొదలు. అమ్మమ్మ ఊళ్ళో మామిడి తోపు ఉంటుంది. తాటి ముంజలు ఉంటాయి. మేనమామ సైకిలెక్కించి తిప్పుతాడు. పిల్లలకు అంతకన్నా ఏం కావాలి?

మనకూ పోవాలనే ఉంటుంది. ఏడాది పొడుగునా ఇంట్లో చాకిరీ, బయట చాకిరీ. పుట్టింట్లో నాలుగు రోజులుంటే ప్రాణం లేచొస్తుంది. అమ్మ చేతి ముద్ద తిన్నా చాలు.

కాని చంటిపిల్లలతో ఎండాకాలం ప్రయాణమంటే మాటలు కాదు. ఇదివరకు ఎట్లా పోయేవాళ్ళం? తోడుగా ఎవరో ఒక మగమనిషి రావాలి. ఆయనకు తీరిక దొరకాలి. దొరక్కపోతే ఆ ఏడు ప్రయాణం లేదు. ఒంటరిగా బయలుదేరితే బస్టాండులో పదిమందిని అడగాలి. "ఈ బస్సు ఎక్కడికి బాబూ?" ఒకరు సరిగ్గా చెబుతారు. ఒకరు విసుక్కుంటారు. ఒకరు తప్పు చెబుతారు.

అక్కల్లారా! ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చాయి. అంకెలు వచ్చాయి. కూడబలుక్కుని చదివినా సరే, చదువు చదువే. ఈ ఎండాకాలం ఆ చదువును వెంట తీసుకుపోండి. నాలుగు కాగితాలు దగ్గర పెట్టుకోండి. వాటిని మీరే చదవండి, మీరే రాయండి.

ఆ నాలుగు కాగితాలు ఏమిటి? ఒకటి, టికెట్టు. రెండు, బిడ్డ జేబులో చీటీ. మూడు, ఓఆర్ఎస్ పొట్లం. నాలుగు, లెక్క కాగితం.

ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి కాగితం: టికెట్టు

ముందు బస్సు సంగతి.

బస్సు నుదుటి మీద బోర్డు ఉంటుంది. ఊరి పేరు ఉంటుంది. బస్సు రకం కూడా ఉంటుంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ. ఊరి పేరు ఒక్కటే చదివి ఎక్కేయకండి. రకం కూడా చదవండి. ఎందుకంటే డబ్బు సంగతి అక్కడే తేలుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది. ఈ పథకాల కింద ఆ రాష్ట్రపు ఆడవాళ్ళు, ఆడపిల్లలు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేకుండా పోవచ్చు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తాడు. సున్నా టికెట్టే కదా అని పారేయకండి. దిగేదాకా దాచుకోండి. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం డబ్బు కట్టాల్సిందే.

ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయే బస్సుల్లో లెక్క వేరుగా ఉంటుంది. ఎక్కే ముందే కండక్టరును అడగండి. దారి మధ్యలో తగువు పడొద్దు.

మరి మగపిల్లల సంగతి? ఆర్టీసీ బస్సులో 5 ఏళ్ళు నిండని పిల్లలకు టికెట్టు లేదు. 5 నుంచి 12 ఏళ్ళ దాకా అర టికెట్టు.

ఇప్పుడు రైలు.

రైల్లో కూడా 5 ఏళ్ళు నిండని పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. 5 నిండి 12 నిండని పిల్లలకు రెండు రకాలు. బిడ్డకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి టికెట్టు. విడిగా బెర్తు వద్దు, మా పక్కనే పడుకుంటాడు అంటే అర టికెట్టు. 2016 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి ఉంది. కాబట్టి కౌంటరు దగ్గర ముందే చెప్పండి. "మా పాపకు బెర్తు వద్దండీ, అర టికెట్టు చాలు" అని అడగండి. రాత్రి ప్రయాణమైతే బాగా ఆలోచించుకోండి. ఎనిమిదేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ పిల్లవాడు, మీరు, ముగ్గురూ ఒకే బెర్తు మీద నిద్రపోగలరా?

స్లీపరు పెట్టె టికెట్టును 60 రోజుల ముందు నుంచి కొనుక్కోవచ్చు. ఎండాకాలం జనం ఎక్కువ. ఎంత ముందు కొంటే అంత మంచిది. వెయిటింగ్ లిస్టు అంటే చోటు ఖాయం కాలేదని అర్థం. ఆ టికెట్టుతో పిల్లలను వేసుకుని స్లీపరు పెట్టె ఎక్కకండి. మధ్యలో దింపేస్తే పిల్లలతో ఏం చేస్తారు?

టికెట్టు మీద తెలుగు తక్కువ. కాని అంకెలు మీకు వచ్చు కదా! బండి నంబరు 5 అంకెలు. పీఎన్ఆర్ నంబరు 10 అంకెలు. తేదీ ఉంటుంది. పెట్టె నంబరు, బెర్తు నంబరు ఉంటాయి. టికెట్టు చేతిలో పడగానే తేదీ చూసుకోండి. పిల్లల వయసు చూసుకోండి. తప్పుంటే కౌంటరు దగ్గరే చెప్పండి.

అన్నిటికన్నా తికమక పెట్టేది టైము. రైలువాళ్ళ గడియారంలో రోజుకు 24 గంటలు. మధ్యాహ్నం ఒంటిగంటను 13 అంటారు. మరి మన టైము ఎట్లా తెలుసుకోవాలి? 13, అంతకన్నా పెద్ద అంకె కనపడితే అందులోంచి 12 తీసెయ్యండి. అంతే.

13.00 అంటే మధ్యాహ్నం 1 గంట.
16.40 అంటే సాయంత్రం 4 గంటల 40 నిమిషాలు.
20.15 అంటే రాత్రి 8 గంటల 15 నిమిషాలు.
23.50 అంటే రాత్రి 11 గంటల 50 నిమిషాలు.

ఇక 00.20 అని ఉంటే? అది అర్ధరాత్రి దాటిన టైము. 12 గంటల 20 నిమిషాలు. ఇక్కడే చాలామంది బండి పోగొట్టుకుంటారు. టికెట్టు మీద మే 11, 00.20 అని ఉందనుకోండి. మీరు మే 11 రాత్రి భోజనం చేసి స్టేషనుకు పోతే బండి ఉండదు. అది ముందురోజు రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది. మే 10 రాత్రే స్టేషనులో ఉండాలి. రైలువాళ్ళకు అర్ధరాత్రి 12 కొట్టగానే తేదీ మారుతుంది. మనకు తెల్లారితేగాని మారదు. అదీ తేడా.

బండి ఎక్కాక స్టేషను బోర్డులు చదువుకుంటూ పోండి. పసుపు బోర్డు, నల్ల అక్షరాలు. మన దగ్గర తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఊరి పేరు ఉంటుంది. ఉదాహరణకు కావలిలో ఎక్కి తెనాలిలో దిగాలనుకోండి. దారిలో సింగరాయకొండ, ఒంగోలు, చీరాల, బాపట్ల, నిడుబ్రోలు వస్తాయి. ఈ పేర్లను వరుసగా ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్క ఊరు దాటగానే టిక్కు పెట్టండి. పెద్దపిల్ల చేత పెట్టించండి. దానికి ఆట, మీకు ధైర్యం. నిడుబ్రోలు బోర్డు కనపడిందా? ఇక సామాను సర్దుకోండి. పిల్లలకు చెప్పులు తొడగండి. చిన్న స్టేషన్లలో బండి ఒకటి రెండు నిమిషాలే ఆగుతుంది. ఆగాక సర్దుకుంటే కుదరదు.

రైల్లో ఏ ఇబ్బంది వచ్చినా 139 నంబరుకు ఫోను చెయ్యండి.

రెండో కాగితం: బిడ్డ జేబులో చీటీ

బస్టాండు. జనం. ఒక చేతిలో సంచి, చంకలో చంటిబిడ్డ. నాలుగేళ్ళవాడు మన కొంగు పట్టుకున్నాడు. బస్సు వచ్చింది. జనం తోసుకున్నారు. వెనక్కి తిరిగి చూస్తే వాడు లేడు.

ఆ నిమిషంలో తల్లి గుండె ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఎవరో మంచివాళ్ళు బిడ్డను చూస్తారు. "మీ ఊరేది నాన్నా?" అని అడుగుతారు. వాడు ఏమంటాడు? "మా ఊరు" అంటాడు. "మీ అమ్మ పేరేంటి?" అంటే "అమ్మ" అంటాడు. అంతకుమించి వాడికి ఏం తెలుసు? 

అందుకే చీటీ. బయలుదేరే ముందు రోజు మీ చేత్తో రాయండి. ఇట్లా రాయాలి:

బిడ్డ పేరు
తల్లి పేరు, తండ్రి పేరు
ఊరు, మండలం, జిల్లా
మీ ఫోను నంబరు
మీరు వెళ్తున్న ఊళ్ళో చుట్టాల ఫోను నంబరు

రెండు ఫోను నంబర్లు ఎందుకు? దారిలో మీ ఫోను చార్జింగు అయిపోవచ్చు. పోవచ్చు. అప్పుడు రెండోది పనికొస్తుంది.

చీటీని చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టండి. చెమటకు తడవదు. లోపలి జేబులో పెట్టి పిన్నీసుతో గుచ్చండి. జేబు లేని గౌను అయితే లోపలి వైపు కుట్టండి. బయటకు కనపడేట్టు పెట్టొద్దు. ఎందుకంటే పేరు పెట్టి పిలిస్తే పిల్లలు కొత్తవాళ్ళ వెంట కూడా పోతారు. పేరు బయటకు కనపడకపోవడమే మంచిది.

బిడ్డకు కూడా రెండు మాటలు నేర్పండి. "తప్పిపోతే పరుగెత్తొద్దు. ఉన్నచోటే నిలబడు. పోలీసు మామయ్యకో, టికెట్లు ఇచ్చే కౌంటరులో వాళ్ళకో జేబులో చీటీ చూపించు." ఇంట్లో ఆటలాగా నాలుగుసార్లు ఆడించండి. అప్పుడే గుర్తుంటుంది.

మీరు ఏం చెయ్యాలి? ఏడుస్తూ కూర్చోవద్దు. వెంటనే స్టేషను మాస్టరుకో, బస్టాండు కంట్రోలరుకో చెప్పండి. మైకులో చెప్పిస్తారు. 1098 పిల్లల సాయం నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది. డబ్బు పడదు. పోలీసులకు 112. ఈ మూడు నంబర్లు, అంటే 139, 1098, 112 కూడా చీటీ వెనక రాసి పెట్టుకోండి.

తప్పిపోయిన బిడ్డ మీకు కనపడితే? వాడి జేబు చూడండి. చీటీ ఉంటే చదవండి. మీకు చదువొచ్చు కదా! ఇంకో తల్లి బిడ్డను మీరు ఇల్లు చేర్చగలరు.

మూడో కాగితం: ఓఆర్ఎస్ పొట్లం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అంటారు. రోళ్ళే పగిలే ఎండలో పసిపిల్లలు ఎంత? 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. ఎండను తేలిగ్గా తీసుకోకూడదు.

పిల్లల ఒళ్ళు పెద్దల ఒంటికన్నా తొందరగా వేడెక్కుతుంది. చిన్నపిల్లలు దాహం అని చెప్పలేరు కూడా. మనమే కనిపెట్టాలి. పగలు 11 నుంచి 4 దాకా ప్రయాణం పెట్టుకోవద్దు. తెల్లవారుజామున బయలుదేరండి. లేదా చల్లబడ్డాక బయలుదేరండి. పిల్లలకు పల్చటి నూలు బట్టలు వెయ్యండి. తలకు గుడ్డ కట్టండి. నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. అడగకపోయినా గంటకోసారి తాగించండి.

తిండి కూడా ఇంటి నుంచే. పులిహోర మంచిది. చింతపండు పులుపుకు తొందరగా పాడవదు. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది. పొద్దున కట్టిన అన్నాన్ని రాత్రికి పిల్లలకు పెట్టొద్దు. దారిలో కోసి పెట్టిన పండ్లు, రంగు ఐసులు కొనొద్దు. అరటిపండు మంచిది. తొక్క మీ చేత్తోనే తియ్యొచ్చు.

ఆరు నెలలు నిండని బిడ్డకు ఎండాకాలమైనా నీళ్ళు పట్టొద్దు. తల్లిపాలే పట్టాలి. తల్లిపాలలో నూటికి 88 పాళ్ళు నీరే. బిడ్డ దాహం అందులోనే తీరుతుంది. మాటిమాటికీ పట్టండి. మీరు మాత్రం నీళ్ళు, మజ్జిగ బాగా తాగాలి. నలుగురిలో పాలివ్వడానికి సిగ్గు పడక్కర్లేదు. కొంగు కప్పుకుంటే సరి.

ఊరు మారితే నీరు మారుతుంది. పిల్లలకు విరేచనాలు పట్టుకోవచ్చు. విరేచనాలతో ఒంట్లో నీరు, ఉప్పు పోతాయి. అవి పోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. కొంతమంది విరేచనాలు అవుతుంటే నీళ్ళు మానిపిస్తారు. అది చాలా ప్రమాదం. పోయిన నీటిని మళ్ళీ ఒంట్లోకి పంపాలి.

మరి నీళ్ళు ఒక్కటే పట్టిస్తే చాలదా? చాలదు. విరేచనాలప్పుడు పేగులు నీటిని సరిగ్గా పీల్చవు. కాని ఉప్పు, పంచదార కలిసి ఉంటే రెండింటినీ కలిపి పీల్చుకుంటాయి. వాటి వెంట నీరు కూడా ఒంటికి పడుతుంది. ఓఆర్ఎస్ పని చేసే తీరు ఇదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరిగింది. లక్షలమంది మన దేశానికి పారిపోయి వచ్చారు. బెంగాల్లో బన్‌గావ్ దగ్గర శిబిరంలో కలరా వచ్చింది. సెలైను సీసాలు అయిపోయాయి. అప్పుడు దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించారు. తల్లులు, అక్కలు ఆ నీళ్ళను పట్టుకుపోయి రోగులకు తాగించారు. అంతకుముందు వందకు 30 మంది చనిపోతున్నారు. ఆ నీళ్ళతో నలుగురి లోపుకు తగ్గారు. గ్లాసు పట్టుకున్న తల్లి చెయ్యే అంతమందిని బతికించింది.

ఇప్పుడు పొట్లం చేతిలోకి తీసుకోండి. మూడు సంగతులు చదవండి.

ఒకటి, ఎన్ని నీళ్ళలో కలపాలి? పెద్ద పొట్లాన్ని 1 లీటరు నీళ్ళలో కలపాలి. చిన్న పొట్లాన్ని 200 మిల్లీలీటర్లలో కలపాలి. అంటే ఒక గ్లాసు. ఇది చదవకుండా పెద్ద పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో కలిపితే? ఉప్పు మరీ ఎక్కువై బిడ్డకు ప్రమాదం. చిన్న పొట్లాన్ని లీటరు నీళ్ళలో కలిపితే పని చెయ్యదు. కాబట్టి అంకె చదివిన తర్వాతే పొట్లం చించండి. పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. సగం దాచొద్దు.

రెండు, గడువు తేదీ. గడువు దాటితే కొనొద్దు.

మూడు, అది అసలు ఓఆర్ఎస్సేనా? దుకాణాల్లో ఓఆర్ఎస్ పేరు తగిలించి తియ్యటి పానీయాల డబ్బాలు అమ్మేవాళ్ళు. వాటిలో పంచదార చాలా ఎక్కువ. విరేచనాలప్పుడు తాగితే ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది. సరైన పాళ్ళలో లేని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట రాయకూడదని చెప్పింది. అయినా కొనేటప్పుడు మన కళ్ళతో మనం చదువుకోవాలి. మందుల దుకాణంలో "డబ్ల్యూహెచ్ఓ ఓఆర్ఎస్ పొట్లం ఇవ్వండి" అని అడగండి. అంగన్‌వాడీలో, ఆశా అక్క దగ్గర, ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. బయలుదేరే ముందే రెండు తెచ్చిపెట్టుకోండి.

పొట్లం లేకపోతే? కాచి చల్లార్చిన 1 లీటరు నీళ్ళు తీసుకోండి. 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలపండి. చెంచా గోపురంగా నింపొద్దు. అంచుకు సమానంగా ఉండాలి. రుచి చూడండి. కన్నీటికన్నా ఉప్పగా ఉంటే పారబోయండి.

విరేచనం అయినప్పుడల్లా రెండేళ్ళ లోపు బిడ్డకు పావు గ్లాసు నుంచి అర గ్లాసు. అంతకన్నా పెద్ద పిల్లలకు అర గ్లాసు నుంచి గ్లాసు. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ పట్టాలి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. తల్లిపాలు, మామూలు తిండి మానిపించొద్దు.

ఈ గుర్తులు కనపడితే ఆలస్యం చెయ్యొద్దు, ఆసుపత్రికి పోండి: కళ్ళు లోతుకు పోవడం. ఏడిస్తే కన్నీళ్ళు రాకపోవడం. నాలుక ఎండిపోవడం. పసిబిడ్డ మాడు గుంట పడటం. ఆరు గంటలైనా ఉచ్చ పోయకపోవడం. మలంలో నెత్తురు పడటం. మత్తుగా పడి ఉండటం.

ఒళ్ళు కాలిపోతూ, బిడ్డ మగతగా ఉంటే అది వడదెబ్బ. నీడకు చేర్చండి. బట్టలు విప్పండి. తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి. 108కి ఫోను చెయ్యండి. తెలివిలో లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయొద్దు. ఊపిరికి అడ్డం పడతాయి.

పొట్లంతో పాటు బిడ్డ టీకాల కార్డు కూడా సంచిలో పెట్టండి. సెలవుల్లో టీకా తేదీ వస్తే? అమ్మమ్మ ఊళ్ళోనే వేయించవచ్చు. ఏ ఊళ్ళోనైనా ప్రభుత్వ టీకాకు డబ్బు లేదు. కార్డు చూపితే చాలు.

నాలుగో కాగితం: లెక్క

"పుట్టింటికి పోవడానికి కూడా లెక్కలా?" అంటారా? కావాలి. తిరుగు ప్రయాణానికి డబ్బు లేక తమ్ముడి ముందు చెయ్యి చాచడం మీకు ఇష్టమా? అమ్మకు చీర పెట్టాలని ఉంటుంది. మేనకోడలికి గాజులు కొనాలని ఉంటుంది. కొనండి. కాని లెక్క వేసుకుని కొనండి.

ఒక తల్లి, ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. రైల్లో జనరల్ పెట్టె. పెద్దల టికెట్టు 100 రూపాయలు అనుకుందాం. తల్లికి 100. పాపకు అర టికెట్టు 50. బాబుకు లేదు. మొత్తం 150.

ఇప్పుడు కాగితం మీద రాద్దాం.

పోయేటప్పుడు రైలు: 150
వచ్చేటప్పుడు రైలు: 150
ఆటోలు: 200
దారిలో ఖర్చు: 100
పండ్లు, స్వీట్లు: 300
మందులు: 100
ఆపదకు దాచినది: 500
మొత్తం: 1,500

తిరుగు ప్రయాణం డబ్బు, ఆపద డబ్బు విడిగా ముడి కట్టండి. డబ్బంతా ఒకే సంచిలో పెట్టొద్దు. ఖర్చు పెట్టినప్పుడల్లా రాయండి. ఆటో అతను ఎంత అడిగాడు, ఎంత ఇచ్చారు, అదీ రాయండి. వచ్చే ఏడు ఈ కాగితమే మీకు దారి చూపిస్తుంది.

ఊరు చేరాక

పుట్టిల్లు చేరగానే మన నడుం వాలుతుంది. పిల్లలను "పోయి ఆడుకోండి" అంటాం. అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటాం. అందరూ ఉన్న ఇంట్లో ఎవరూ చూడని గంట ఒకటి ఉంటుంది. ప్రమాదం ఆ గంటలోనే వస్తుంది.

ఎండాకాలం సెలవుల్లో చెరువుల్లో, కాలువల్లో, బావుల్లో మునిగి ఏటా ఎందరో పిల్లలు పోతున్నారు. చుట్టపు చూపుగా వచ్చిన పిల్లలకు లోతు తెలియదు. ఆ ఊరి పిల్లలు దిగారని వీళ్ళూ దిగుతారు. చెరువులో మట్టి తవ్విన గుంతలు పైకి కనపడవు. మోకాటి లోతులో ఉన్నవాడు ఇంకో అడుగు వేస్తే నిలువు లోతు. కాబట్టి ఈత వచ్చిన పెద్దమనిషి తోడు లేకుండా నీళ్ళ దగ్గరకు పంపొద్దు. నీళ్ళ తొట్టి, సంపు మీద మూత పెట్టండి. పాకే బిడ్డకు బక్కెట్టు నీళ్ళు కూడా ప్రమాదమే.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివాళ్ళు దూకొద్దు. ఒకరి వెనక ఒకరు దూకి ఇద్దరూ పోయిన ఇళ్ళు ఉన్నాయి. చీర విప్పి ఒక కొస విసరండి. తాడో, వెదురు కర్రో అందించండి. గట్టిగా కేకలు వెయ్యండి. బయటకు తీశాక తలకిందులుగా వేలాడదీయొద్దు. గిరగిర తిప్పొద్దు. ఊపిరి లేకపోతే తెలిసినవాళ్ళు నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కాలి. 108కి ఫోను చెయ్యాలి.

ఇంకొక ప్రమాదం, ఎండలో నిలిపిన కారు. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ కారెక్కారు. తలుపులు పడిపోయాయి. ఎవరూ చూడలేదు. నలుగురూ చనిపోయారు. కారు ఎవరిదైనా తాళం వేసి ఉండాలి. ఇంటి ముందు కారుంటే మీరే అడగండి, "తాళం వేశారా?" అని. అడగడానికి మొహమాటం వద్దు.

పని ఒకరికి ఒకరు అప్పగించుకోండి. "వదినా, మధ్యాహ్నం దాకా పిల్లలను నేను చూస్తా. తర్వాత నువ్వు చూడు." ఇట్లా నోటితో చెప్పుకుంటే ఎవరూ చూడని గంట ఉండదు.

వదిన అంటే గుర్తొచ్చింది. మనం పుట్టింట్లో నడుం వాల్చినప్పుడు వంటింట్లో ఎవరు ఉన్నారు? ముగ్గురు ఆడపడుచులు పిల్లలతో దిగితే ఆ ఇంట్లో పదిమందికి ఎవరు వండుతున్నారు? అమ్మ, వదిన. అమ్మకు వయసైంది. వదినకూ పుట్టిల్లు ఉంది. ఆమె పిల్లలు కూడా "అమ్మమ్మ ఊరు ఎప్పుడు?" అని అడుగుతూనే ఉంటారు.

ఒకసారి అడిగి చూడండి. "వదినా, నువ్వు మీ అమ్మగారింటికి ఎప్పుడు పోతావు?" ఆమె పోయే తేదీ చూసుకుని మీ తేదీ పెట్టుకోండి. అక్కచెల్లెళ్ళు ముందే ఫోనులో మాట్లాడుకుని వరుస పెట్టుకోండి. ఉన్నన్నాళ్ళు కూరగాయలు తరగండి. అంట్లు తోమండి. మగపిల్లల చేత కూడా కంచాలు తీయించండి. అన్నయ్యను కూడా నీళ్ళు తోడమనండి. అప్పుడు సెలవులు అందరివీ అవుతాయి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో పిల్లలకు ప్రమాదమైన నీటి గుంతలు ఎక్కడ ఉన్నాయి? వాటికి కంచె వెయ్యాలంటే ఎవరిని అడగాలి?
2. మీ వదిన కిందటి ఏడు పుట్టింటికి ఎప్పుడు పోయింది? ఎన్ని రోజులు ఉంది?
3. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు నీళ్ళు మానిపించే అలవాటు మీ ఇంట్లో ఉందా? పెద్దవాళ్ళకు ఎట్లా చెబుతారు?

చెయ్యండి

1. ఈ టైములను మన లెక్కలోకి మార్చండి: 14.10, 18.30, 21.45, 00.05.
2. టికెట్టు మీద మే 20, 00.40 అని ఉంది. ఏ తేదీ రాత్రి స్టేషనుకు పోవాలి?
3. పెద్దల టికెట్టు 80 రూపాయలు. తల్లి, తండ్రి, పదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప జనరల్ పెట్టెలో పోవాలి. మొత్తం ఎంత?
4. మీ బిడ్డ జేబులో పెట్టే చీటీని ఈరోజే రాయండి. పక్కన కూర్చున్న అక్కకు చూపించి చదివించండి. ఆమె తడుముకోకుండా చదవగలిగితే మీ చీటీ సరిగ్గా ఉన్నట్టే.